చైన్ ఎక్కించిన ఇద్దరు

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో రామ్మోహన్ గారి షాపులో ఇత్తడి పలకల మీద అక్షరాలు చెక్కే మల్లికార్జున్ ఎవరి మాటా ఓ పట్టాన నమ్మేవాడు కాదు. స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఏజెంటు చూపిన ఫొటోకీ అసలు కాలేజీకీ పొంతన లేదని తెలిశాక ఆ గుణం ఇంకాస్త ముదిరింది. అంతకుముందు కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో పొక్లెయిన్లు బాగుచేసేవాడు, తెగిన వాటి చైన్లు ఎక్కించేవాడు. ఆ పనీ ఎవరో చెబితే కాదు, కళ్లారా చూసి నేర్చుకున్నదే.

2023 చలికాలంలో మార్గరెట్ అనే పెద్దావిడ ఓ కాగితం తెచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకు ఆఫీసరుగా చేసిన తన తండ్రి పేరిట పలక కావాలి. ఇటలీలో చక్రాల చైన్ తెగి ట్యాంకు దారికడ్డంగా ఆగిపోయిందనీ, వెనక గాయపడినవాళ్ల బళ్లు చిక్కుకున్నాయనీ, ఆయన ఒంటరిగా దిగి తూటాల వానలో చైన్ ఎక్కించాడనీ అందులో ఉంది.

మల్లికార్జున్ ‘ఒంటరిగా’ దగ్గర ఆగిపోయాడు.

“ఒక్కడితోటి అయ్యే పని కాదన్నా ఇది. ఒకడు గడ్డపారతో చైన్ ఎత్తిపట్టాలె, ఇంకొకడు కొసలు కలిపే పిన్ను కొట్టాలె. ఆ రెండోవాడు ఏడి?”

“నీకెందుకయ్యా? ఆవిడ రాసిచ్చింది చెక్కు,” అన్నాడు రామ్మోహన్. “పీఆర్‌కి ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాలా వద్దా? సంతకం పెట్టేది నేనే.”

ఆ లెటర్ లేకపోతే కెనడాలో స్థిరపడే పీఆర్ రాదు, వర్క్ పర్మిట్ గడువు అయ్యేలోపు సామాను సర్దుకోవలసిందే. అయినా మల్లికార్జున్‌కు చెయ్యి ఆడలేదు. పలక కోసం వచ్చిన మార్గరెట్‌ను ఆ రెండోవాడి సంగతి అడిగేశాడు.

ఆమె మొహం ముడుచుకుంది. “కాలేజీ దొంగ ఆఫర్ లెటర్లతో వచ్చే స్టూడెంట్లు మా నాన్నని శంకిస్తారా?”

“నాది అసలుదే మేడమ్. నన్ను అందరూ చెక్ చేశారు. నేనూ చెక్ చేస్తున్నా.”

వారం రోజులు ఆమె రాలేదు. రామ్మోహన్ లెటర్ సంగతి పక్కన పెట్టేశాడు. ఎనిమిదో రోజు ఆమె, తన అమ్మకు తండ్రి రాసిన ఉత్తరం తెచ్చి బల్ల మీద పెట్టింది గానీ దాని మీంచి చెయ్యి తీయకుండా తనే చదివింది.

“నేను కడ్డీ పట్టుకున్నాను, డ్రైవర్ ఆర్థర్ పిన్ను కొట్టాడు. ఇంకొక్క దెబ్బ ఉందనగా అతనికి గుండు తగిలింది. కడ్డీని భుజానికి ఆనించుకుని సుత్తి నేనే అందుకున్నాను. అతన్ని ట్యాంకు మీదికెత్తి, నేనే నడిపాను. ముందున్న వంతెన దాటేసరికి అతని ప్రాణం పోయింది.”

మల్లికార్జున్ కడ్డీ ఆనించుకున్నట్టు తన భుజం ఒకసారి వంచి చూసుకున్నాడు. “గట్లయితే అయితది,” అన్నాడు తనలో తనే.

“ఈ వారం వెతికితే ఈ ఉత్తరం అమ్మ పెట్టెలో దొరికింది. ‘ఒంటరిగా’ అన్నది అమ్మ మాకు చెప్పిన మాట. తీసెయ్, ఆర్థర్ పేరు పెట్టు,” అంది మార్గరెట్.

అప్పటికీ ఆమెకు నమ్మకం కుదరక కుర్చీ లాక్కుని మిషన్ పక్కనే కూర్చుంది. అతనూ రెండు పేర్లూ ఆమెచేత అక్షరం అక్షరం చదివించుకున్నాకే మిషన్ ఆన్ చేశాడు.

రామ్మోహన్ తలుపు దగ్గర నిలబడి ఇద్దరినీ కాసేపు చూశాడు.

“నీ లెటర్ డ్రాఫ్ట్ రాసి పంపు,” అన్నాడు. “ప్రతి లైనూ చదివాకే సంతకం పెడతా.”