వణికే చెయ్యి, కంటి గీత

పెళ్ళికూతురి కుడి కన్ను బాగానే వచ్చింది. ఎడమ కన్ను దగ్గర నా చెయ్యి వణికింది. రెప్ప మీద ఐలైనర్ గీస్తూ చివరకు వచ్చేసరికి బ్రష్ నా మాట వినలేదు. కణత వైపు సన్నగా సాగాల్సిన గీత పైకెగిరి కనుబొమ్మ కింద ఆగింది. తుడిచి మళ్ళీ గీశాను. మళ్ళీ అంతే. మూడోసారి తుడిచేసరికి రెప్ప ఎర్రబడి, ఆ పిల్ల కంట్లో నీళ్ళు తిరిగాయి.

సికింద్రాబాద్‌లో కార్ఖానా ఏరియాలో ఒక ఫంక్షన్ హాల్ అది. పదకొండు గంటలకు ముహూర్తం. పెళ్ళికూతురి తల్లి నా వెనకే నిలబడి చూస్తోంది.

"చెయ్యి గిట్ల వణుకుతదని ముందుగాల్నే చెప్పొచ్చు గదా మేడమ్. నా బిడ్డ పెండ్లి రోజే దొరికిందా మీకు?" అంది. గట్టిగా కూడా అనలేదు. నా చేతిలోంచి బ్రష్ తీసుకుని పక్కనున్న తన చెల్లెలి కూతురికి ఇచ్చింది. కాలేజీలో చదివే ఆ అమ్మాయి ఒక్క ఊపులో గీత గీసేసింది. అంత బాగా ఏం లేదు, కానీ నా గీత కంటే నయం. నేను పెట్టె సర్దుకుని బయటికి వచ్చాను. వంటవాళ్ళలో ఒకాయన టిఫిన్ చేసి వెళ్ళమన్నాడు. వద్దన్నాను.

ఆ తల్లి మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆవిడ చెప్పింది నిజం కావడమే ఆ కోపానికి కారణం. చెయ్యి వణుకుతోందని నాకు ఆరు నెలలుగా తెలుసు. సాసర్లో కప్పు చప్పుడు చేస్తుంటే సాసర్ వాడటం మానేశాను. కస్టమర్ల ముందు కాఫీ తాగడం మానేశాను. ఇరవై రెండేళ్ళుగా ఇంటి ముందు గదిలో పార్లర్ నడుపుతున్నదాన్ని, పెళ్ళికూతుళ్ళ కళ్ళు తీర్చడంలో ఈ చుట్టుపక్కల పేరున్నదాన్ని, చెయ్యి వణుకుతోందని ఎవరితో చెప్పను?

ఆ వారమే వెళ్ళి చూపించుకుంటే, నరాల డాక్టరు ఒక కాగితం ఇచ్చి, నత్తగుల్లలా చుట్టలు చుట్టలుగా గీయమన్నాడు. గీశాను. చిన్నపిల్లలు గోడ మీద గీసినట్టు వచ్చింది.

"భయపడే జబ్బు కాదమ్మా. కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది. మాత్రలు వాడితే కొంత తగ్గుతుంది. సన్నపని మానెయ్యండి. అయినా ఈ వయసులో ఐలైనర్లవీ ఎందుకు మీకు?" అన్నాడు.

యాభై రెండేళ్ళు నాకు. ఆయన నాకంటే పెద్దవాడే. ఈ వయసులో స్టెతస్కోపు ఎందుకండీ అని నేను అడగలేదు. అడగనందుకు దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక మా ఆయన కూడా అదే పాట. ఆయన రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యారు. పెళ్ళయిన కొత్తలో తెనాలి నుంచి మేం సికింద్రాబాద్ వచ్చింది ఆ ఉద్యోగం కోసమే.

"డాక్టరు చెప్పాడుగా, ఇంక చాలించు. ఫేషియల్సూ త్రెడింగూ చేసుకో. కళ్ళ జోలికి పోకు," అన్నారు పేపర్లోంచి తల ఎత్తకుండా.

"మీకు చత్వారం వచ్చినప్పుడు పేపరు చదవడం మానేశారా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"కాదు. మీకు అద్దాలు ఎవరో ముందే కనిపెట్టి పెట్టారు. నాకు ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. అదే తేడా."

ఆయన అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

మర్నాటి నుంచి పని మొదలుపెట్టాను. పట్టుదలతో మొదలుపెట్టానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజానికి కసితో మొదలుపెట్టాను. సన్నటి బ్రష్ పట్టుకుంటే వణుకు ఎక్కువవుతోందని దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేశాను. కొంచెం నయమనిపించింది. మోచెయ్యి గాలిలో ఉంటే ఊగుతోందని బియ్యం డబ్బా మీద ఆనించాను. మణికట్టుకు బరువుంటే వణుకు అణుగుతుందని ఎవరో అంటే గుడ్డతో తాళంకప్ప కట్టుకున్నాను. అదీ కాస్త పనిచేసింది. కానీ చేతికి తాళంకప్ప వేలాడేసుకుని పెళ్ళికూతురి మొహం మీదికి ఎలా వంగను?

తరవాత మా ఆయన మోకాలి ఎక్స్‌రే ఒకటి పాతది ఉంటే, దాన్ని కంటి వంపుకు తగ్గట్టు కత్తిరించి, అంచు వెంబడి గీసి చూశాను. నా కంటి మీదే చూసుకున్నాను. అంచు కంటి మూలలో గుచ్చుకుంది. రెండు రోజులు కన్ను ఎర్రగా ఉంది. "వద్దన్నానా?" అన్నారు మా ఆయన. ఆ రెండు రోజులూ ఆయనతో మాట్లాడలేదు.

దారి చూపింది దారం. ఒకరోజు ఒక కాలేజీ అమ్మాయికి కనుబొమ్మలు త్రెడింగ్ చేస్తున్నాను. దారం ఒక కొస పళ్ళ మధ్య, మిగతాది రెండు చేతుల్లో. పని సగమయ్యాక గమనించాను, వణుకు దాదాపు తెలియడం లేదు. దారం బిగువుగా ఉంటే చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నట్టే. అలాంటప్పుడు గీత గీయడమెందుకు, దారానికే రంగు పూసి మూసిన రెప్ప మీద అద్దితే సరిపోదా? ఆ అమ్మాయి రెండో కనుబొమ్మ ఎలా చేశానో నాకు గుర్తులేదు.

దారాన్ని పట్టి ఉంచడానికి చిన్న విల్లులాంటిది కావాలి. మోండా మార్కెట్ సందులో గాజుల కొట్టుకు వెళ్ళి చిన్నపిల్లల ప్లాస్టిక్ గాజులు అడిగాను.

"పాపకు ఎన్నేండ్లు అమ్మా? సైజు చూస్త," అన్నాడు కొట్టాయన.

"యాభై రెండు," అన్నాను.

ఆయన నా మొహం చూసి ఇంకేం అడగకుండా డజను గాజులు పొట్లం కట్టాడు.

గాజును సగానికి కోసి, రెండు కొసలకూ దారం కొంచెం వదులుగా కట్టాను. వదులుగా ఉంటేనే రెప్ప వంపుకు వంగుతుంది. కోసిన చోట గరుకుగా ఉంటే మా ఆయన వచ్చి చెయ్యి చాపారు. ఇవ్వకూడదనుకున్నాను, కానీ ఆకురాయి నా చేతిలో నిలవడం లేదు. ఇచ్చాను. కొసలు నున్నగా రుద్ది, బుగ్గకు ఆనించి చూసుకుని, బల్ల మీద పెట్టి వెళ్ళారు. దారాన్ని ఐలైనర్‌లో ముంచి, కన్ను మూసుకుని, వెంట్రుకల మొదట్లో అద్దాను. తెరిచి చూస్తే గీత ఉంది. కొంచెం లావుగా, అంచుల్లో కాస్త పాకినట్టుగా. అయినా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క వంకర లేదు. ఇరవై రెండేళ్ళలో నేను గీసిన ఏ గీతనూ అంతసేపు చూసుకోలేదు.

ఆ సంబరంలోనే ఒక పొరపాటు చేశాను. బ్యూటీషియన్ల మీటింగ్ ఒకటి సికింద్రాబాద్‌లోనే జరిగితే ఆ విల్లును తీసుకెళ్ళి చూపించాను. పెద్ద పార్లర్ నడిపే ఒకావిడ ఆ రోజు పాఠం చెబుతోంది. నా గాజు ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని అందరికీ చూపించింది.

"ఐడియా క్యూట్‌గా ఉంది మేడమ్. కానీ ఇది షార్ట్‌కట్. చెయ్యి తిరగనివాళ్ళ కోసం. క్లయింట్ ముందు ఇది బయటికి తీస్తే మన ఆర్ట్‌కు వాల్యూ ఏముంటది?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. మంచినీళ్ళు తాగుతానని లేచి, గ్లాసు పట్టుకుంటే అది వణికి ఒలుకుతుందని తాగకుండానే బయటికి వచ్చేశాను. ఆటోలో కూర్చుని ఆవిడకు చెప్పాల్సిన జవాబులన్నీ ఒకదాని తరవాత ఒకటి అనుకుంటున్నాను. ప్యాట్నీ సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. "చెయ్యి తిరగనివాళ్ళు" అన్న మాట ఎక్కడ విన్నానా అని ఆలోచిస్తే, విన్నది కాదు, అన్నది. నేనే అన్నాను.

పదేళ్ళ కిందటి మాట. నా దగ్గర పని నేర్చుకోవడానికి ఒక అమ్మాయి అల్వాల్ నుంచి బస్సులో వచ్చేది. చిన్నప్పుడు నిప్పుకు కాలి, కుడి చేతి రెండు వేళ్ళు అతుక్కుపోయాయి ఆమెకు. అయినా అన్నీ నేర్చుకుంది. ఐలైనర్ ఒక్కటే సరిగా కుదిరేది కాదు. ఒకరోజు చూస్తే, కంటి మూలలో దెబ్బలకు వేసే కాగితం టేపు ఏటవాలుగా అతికించి దాని అంచున గీస్తోంది. గీత చక్కగా వస్తోంది. నేను వెళ్ళి కస్టమర్ మొహం మీది ఆ టేపు పీకేశాను.

"టేపు అతికించి గీస్తే గోడలకు రంగులేసేవాడు కూడా గీస్తాడు. చెయ్యి తిరగనివాళ్ళు ఈ పనికి రాకూడదు. రేపటి నుంచి రాకు," అన్నాను. కస్టమర్ ఉంది, మిగతా పిల్లలున్నారు. అందరి ముందే అన్నాను. ఆ పిల్ల బ్రష్ కడిగి, తుడిచి, దాని చోట పెట్టి వెళ్ళిపోయింది.

మీటింగ్‌లో నవ్వినవాళ్ళ మీద కోపం అంతా తిరిగి నా మీదికే వచ్చింది. ఎదుటివాళ్ళ మీద కోపమైతే జవాబులు వెతుక్కుంటూ బతకొచ్చు. ఇది అలాంటిది కాదు.

పాత పిల్లలను అడిగి ఆమె చిరునామా సంపాదించాను. అల్వాల్‌లో ఒక మందుల షాపు పైన సొంత పార్లర్ పెట్టుకుంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"కూసోండి మేడమ్. చేతుల కస్టమర్ ఉంది, గామె అయినంక మాట్లాడుదాం," అంది.

గంటసేపు కూర్చోబెట్టింది. నన్నింతసేపు కూర్చోబెడుతుందా అని లోపల మండింది. ఆమె టేపుతోనే గీస్తోంది, కస్టమర్ ముందే, దాచుకోకుండా. అది చూశాక నోరు మూసుకుని కూర్చున్నాను.

కస్టమర్ వెళ్ళాక చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "చెప్పుండ్రి, ఏం పని మీద వచ్చిన్రు?"

"నీ విషయంలో... మీ విషయంలో తప్పు చేశాను." అంతకుముందు ఆమెను ఎప్పుడూ మీరు అనలేదు. జరిగిందంతా చెప్పాను. పెళ్ళికూతురు, డాక్టరు, మీటింగ్.

ఆమె అంతా విని, "పదేండ్ల సంది యాదికి రాలేదా మేడమ్? మీ చెయ్యి వణికినంకనే యాదికొచ్చిన్నా?" అంది.

"అవును," అన్నాను. అబద్ధం చెప్పి లాభం లేదు.

"ఆ దినం మా అమ్మకు చెప్పలే నేను. వారం రోజులు పొద్దుగాల తయారై, మీ పార్లర్‌కే పోతున్న అని చెప్పి, బస్టాప్‌ల కూసుండి సాయంత్రం ఇంటికి వోయిన. డబ్బల అన్నం సుత ఆడనే తిన్న." ఆమె గొంతు మారలేదు. మారి ఉంటే నాకు కొంచెం సులువయ్యేదేమో.

సంచిలోంచి గాజు ముక్క తీసి ఇచ్చాను. అతుక్కున్న వేళ్ళతోనే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అద్దం ముందుకు వెళ్ళి రంగులో ముంచి, తన కంటి మీద అద్దుకుంది.

"దారం గిట్ల పెడితె ఎట్ల? నూలు దారం రంగు తాగుతది. ఒత్తంగనే పక్కలకు పాకుతది," అంది. సొరుగులోంచి కొవ్వొత్తి తీసి, కొత్త దారాన్ని దాని మీద రెండుసార్లు గుంజి, గాజుకు కట్టి మళ్ళీ అద్దింది. ఈసారి గీత వెంట్రుకంత సన్నంగా వచ్చింది. మూడు వారాలు తలబద్దలు కొట్టుకున్నా నాకు తట్టని సంగతి ఆమెకు మూడు నిమిషాల్లో తట్టింది. ఈ పిల్లనా నేను పనికిరాదన్నది.

లేచేటప్పుడు, "క్షమించగలరా అని అడగను," అన్నాను.

"మాఫీ సంగతి నాకు తెల్వదు మేడమ్. మీరు అన్నది అందరి ముంగట. గట్లనే అందరి ముంగట చెప్పుండ్రి."

ఇంటికి వచ్చి చెబితే, "పదేళ్ళ నాటి మాట ఇప్పుడెందుకు తవ్వడం? పని నేర్చుకునే పిల్లల దగ్గర పరువు పోదూ?" అన్నారు మా ఆయన. పోనివ్వండి అన్నాను.

ఇప్పుడు నా దగ్గర నలుగురు అమ్మాయిలు నేర్చుకుంటున్నారు. మర్నాడు పార్లర్ తెరవగానే వాళ్ళను కూర్చోబెట్టి చెప్పాను. టేపు ఎలా పీకానో, ఏ మాట అన్నానో, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. నా చెయ్యి వణుకుతుందన్న సంగతి కూడా ఆ రోజే వాళ్ళకు మొదటిసారి చెప్పాను. "మాకు తెల్సు మేడమ్," అంది ఒక అమ్మాయి. ఇన్నాళ్ళూ వాళ్ళే నా కోసం దాచారన్నమాట.

ఇంకో అమ్మాయి అడిగింది, "ఆ అక్క టేపుతోని ఎట్ల వేస్తది మేడమ్? మేం సుత నేర్చుకోవచ్చా?"

ఫోన్ చేశాను. "చేతుల కస్టమర్ ఉంది, గంటాగి చెయ్యుండ్రి," అని పెట్టేసింది. ఆగాం. గంట దాటాక తనే వీడియో కాల్ చేసింది. నన్ను పలకరించలేదు. పిల్లలతో మాట్లాడింది. టేపు ఎంత ఏటవాలుగా పెట్టాలో, తీసేటప్పుడు చర్మాన్ని ఎటు పట్టుకోవాలో చూపించింది. తరవాత గాజుకు దారం కట్టే పద్ధతి మొదలుపెట్టింది. ఫోన్ నేనే పట్టుకుని ఉన్నాను.

"బొమ్మ ఊగుతుంది మేడమ్. ఫోను ఎవ్వరికన్న ఇయ్యుండ్రి," అంది.

పక్కనున్న అమ్మాయికి ఇచ్చి, వాళ్ళ వెనక నిలబడి చూశాను.