నేను పాట ఆపిన చోట

ఏమప్పా పెద్దోడా, చిన్నమ్మీ, ఇద్దరూ వింటాండారా? మీరు పంపించిన పాట ఈ పొద్దు మళ్ళా పెట్టుకోని వింటి.

ఐర్లాండులో పాటల గుంపులో చేరినామని మీరు మొదట చెప్పినప్పుడు నాకేం అర్థం కాలేదు. ఆ దేశమోళ్ళ పిల్లనగ్రోవి, ఫిడేలు, దాంతో నల్లజాతోళ్ళ చర్చి పాటలు కలిపి పాడతామంటిరి. "రెండూ యాట్ల అతుకుతాయి మే?" అంటి. "ముందు వినవ్వా," అని చిన్నమ్మి ఫోన్లో పెట్టె.

ఒకామె గొంతెత్తి ఒక చరణం అంటే, గుంపంతా చప్పట్లు కొడ్తా అందుకునె. నడాన పిల్లనగ్రోవి ఉరికొచ్చె. నాకు మా ఇంటి వసారా కండ్లల్లో మెదిలె.

ముదిగుబ్బ పక్క మా ఊర్లో, ఇత్తనానికి చెనిక్కాయలు ఒలిచేటప్పుడు ఇట్లనే. మా అమ్మ ఒక చరణం అని ఆపేది. ఆడోళ్ళందరూ దాన్నే తిరిగి అనాల. ఆ సందులో అమ్మ ఊపిరి పీల్చుకోని, రెండు గింజలు నోట్లో ఏసుకునేది. గొర్లు తోలుకొచ్చిన మా నాయన గోడకానుకోని పిల్లనగ్రోవి ఊదేటోడు. నడాన ఊదేది ఆపి, "ఈసారి పైరు నీ కడుపులోనే మొలుస్తాదేమో," అని ఎగతాళి చేసేటోడు.

కడాకు నా పాట అందుకునేకి మిగిలిన మా అక్క గూడా పోయినాక నేను పాడేది ఇడిసిపెడితి. అందుకునేటోళ్ళు లేకుంటే ఏం పాడేది? పెద్దోడే ఇనలేదు. "మీ అమ్మ పాట తెలిసినోళ్ళల్లో నువ్వొక్కదానివే ఉండావు కదవ్వా, ఆ పాట పోగూడదు, పాడి పంపు," అనె.

సరే అని ఫోన్ ముందర "కొండ మీది మబ్బా, మా సేను మరిసితివా" అని పాడి, ఆపితి. గుంపు అనేంత సేపు ఊరికే ఉండి, రెండోది ఎత్తుకుంటి. పాటంతా అట్లనే.

"నడాన నడాన మర్చిపోయినావేమవ్వా? ఆ ఖాళీలు కత్తిరించేస్తాంలే," అంటివి పెద్దోడా.

"కత్తిరించాకురా! నేను మర్చిపోలేదు. ఆడ మీరు అనాల," అంటి.

ఇప్పుడు మీరు పంపించిన దాంట్లో నేను ఆపిన చోటల్లా మీ గుంపు ఉండాది. తెలుగుకు నోరు తిరగదు పాపం, అయినా అందుకున్న్యారు. మా నాయన నిదానంగా ఊదేటోడు. మీ పిల్లనగ్రోవాయన గొర్రె తప్పిపోయినోని మాదిరి ఉరుకుతాండాడు. ఉరకనీలే.

ఒకటి మాత్రం చెప్తాండా. మూడో చరణం మీరు ఆత్రంగా అనేసి ఊరికైపోయినారు. మళ్ళా పాడి పంపిస్తా. ఈసారి నిదానంగా అనండప్పా. రెండు గింజలు నమిలేంత సేపు ఉండాల నాకు.