నాలుగో టేబుల్, ఆరో కుర్చీ

కోవిడ్‌కు ముందు ఏడాది నవంబరులో నేను లండన్‌లోని ఒక ప్రైవేటు క్లబ్బులో బాంక్వెట్ కెప్టెన్‌ను. అంటే విందు హాల్లో వడ్డన సిబ్బందికి పెద్ద. ధూల్‌పేటలో పుట్టి, హైదరాబాదు హోటళ్ళలో పని నేర్చుకుని అక్కడికి చేరినవాణ్ణి. ఆ నెల పాతబస్తీలోని ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం విందును నాకు అప్పగించారు. మా ఊరివాళ్ళకు వడ్డన అనేసరికి వారం ముందు నుంచే నాకు కాలు ఒకచోట నిలవలేదు.

ప్రతి విందుకూ ఒక ఫంక్షన్ షీట్ ఉంటుంది. ఎవరిది ఏ కుర్చీ, ఎవరికి ఏది పడదు అన్నది అందులో రాసి ఉంటుంది. వడ్డించేవాళ్ళు మనిషిని కాదు, కుర్చీ నంబరు చూస్తారు. నాలుగో టేబుల్ ఆరో కుర్చీ డాక్టర్ యాదగిరి గారిది. ఆయనకు నువ్వులు పడవు. ఆ రోజు వంటల్లో నువ్వులూ పల్లీలూ నూరి చేసే బగారా బైంగన్ ఉంది. అందుకని ఆయనకు వేరే ప్లేటు చేయించాను.

వస్తూనే ఆయన నా పేరు బ్యాడ్జి చూసి ఆగారు.

“మనోడివేనా అన్నా? నా నువ్వుల ముచ్చట జర యాదుంచుకో.”

“ఫికర్ చేయకండి సార్, నేను జూస్కుంట,” అన్నాను.

పాత దోస్తులు కనబడగానే ఎవరూ తమ కుర్చీల్లో ఉండలేదు. పేర్ల కార్డులు వదిలేసి ఎక్కడివాళ్ళక్కడ మారిపోయారు. గోడ పక్కన నిలబడి అదంతా చూశాను. అతిథులను తిరిగి తమ కుర్చీల్లోకి వెళ్ళమనడం ఆ క్లబ్బులో సిబ్బందికి మర్యాద కాదు. చెప్పనా వద్దా అని రెండుసార్లు ముందుకు అడుగేసి వెనక్కి తగ్గాను. అంతలో వంటగది నుంచి ప్లేట్లు వచ్చేశాయి.

వేరే ప్లేటును ఆరో కుర్చీ ముందే పెట్టారు. అక్కడ కూర్చున్నది ఇంకెవరో. హాలంతా వెతికితే యాదగిరి గారు రెండో టేబుల్ దగ్గర కనిపించారు. అప్పటికే తింటున్నారు. సంఘం అధ్యక్షుడు మాట్లాడుతున్నాడు. ప్రసంగం నడుస్తున్నప్పుడు సిబ్బంది కదలకూడదని నియమం. అయినా అధ్యక్షుడి ముందు నుంచే పరుగెత్తి వెళ్ళి యాదగిరి గారి ప్లేటు లాగేశాను.

“ఏందన్నా గిది? తింటుంటె గుంజుకుంటవ్?”

“ఇండ్ల నువ్వులున్నయి సార్!”

“రెండు ముద్దలు తిన్న కదా,” అన్నారు. అప్పటికే పెదవులు ఉబ్బుతున్నాయి. కోటు జేబులోంచి అలర్జీకి వాడే ఇంజెక్షన్ పెన్ను తీసి, ప్యాంటు మీది నుంచే తొడకు పొడుచుకున్నారు. పక్కనున్న స్నేహితుడు ఆయన చెయ్యి పట్టుకుని, “యాదీ, నా దిక్కే చూడు, కండ్లు ముయ్యకు,” అంటూనే ఉన్నాడు. అంబులెన్సు కోసం నేను తలుపుకూ ఆయనకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో తెలియదు.

ఒక రోజు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. గండం గడిచింది.

మేనేజరు రాతపూర్వక వివరణ అడిగాడు. కుర్చీలు మారడం చూసి కూడా ఊరుకున్నానని ఉన్నదున్నట్టు రాసిచ్చాను. మూడు నెలలు కెప్టెన్ బాధ్యత తీసేసి మామూలు వడ్డనలో వేశారు. యాదగిరి గారు ఫోన్ చేసి, “కుర్చీ మారింది నేను. నీదేం తప్పున్నది?” అన్నారు.

“మీకు మాట ఇచ్చింది నేను సార్,” అన్నాను.

షీట్‌లో రాసుకున్నంత మాత్రాన జాగ్రత్త తీసుకున్నట్టు కాదని ఆ విందు నాకు నేర్పింది. తర్వాత రిటైరయ్యేదాకా అలాంటి ప్లేటును ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. నేనే తీసుకెళ్ళి, పేరు అడిగి, పెట్టేవాణ్ణి. మాటకు అడ్డం వచ్చానని కొందరు పెద్దమనుషులు విసుక్కునేవారు. వాళ్ళు జవాబు చెప్పేదాకా ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడేవాణ్ణి.