బండిని వెతుక్కుంటూ వెళ్ళిన మా అత్త

మా అత్త పోయిందన్న కబురు నేను బడిలో ఉండగా తెలిసింది. తొమ్మిదో తరగతి పిల్లల చేత పాఠం చదివిస్తున్నాను. నా భర్త ఫోను చేసి, "అమ్మ వెళ్ళిపోయింది" అన్నాడు. "ఎక్కడికి?" అని అడిగాను. అడిగాక గాని అతని గొంతులో ఏముందో నాకు వినపడలేదు. మా ఇంట్లో ఆ మాటకు రోజూ ఉన్న అర్థం ఒక్కటే మరి. అత్త సంతకు వెళ్ళిపోయింది, అత్త చెల్లెలింటికి వెళ్ళిపోయింది, చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజు కూడా ఎక్కడికో బయల్దేరింది. చెప్పులేసుకుని గుమ్మం దిగబోతూ కూలబడిందట. పక్కింటావిడ నీళ్ళు తెచ్చేలోపే ప్రాణం పోయింది. గుండె అన్నారు. ఎక్కడికి బయల్దేరిందో మాలో ఎవరికీ తెలీదు.

చర్చి వెనక మావయ్య పక్కనే ఆమెకు మట్టిచ్చి వచ్చాం. అప్పట్నుంచీ నాకు ఇంట్లో ఒకచోట నిలవబుద్ధి కావడం లేదు. వంటింట్లోంచి వీధిలోకి, వీధిలోంచి దొడ్లోకి తిరుగుతున్నాను. ఇది రాద్దామని కూర్చున్నాక కూడా ఊరికే లేచి రెండుసార్లు గేటు దాకా వెళ్ళొచ్చాను. ఆమె అలవాటు నాకు అంటుకుందేమో.

మాది నెల్లిమర్ల దగ్గర ఊరు. అత్తది కూరగాయల వ్యాపారం. తెల్లారకముందే మావయ్య పికప్ బండి తీసేవాడు, ఆమె పక్కన ఎక్కేది. ఊళ్ళలో రైతుల దగ్గర వంకాయ, బెండ, ఆనప ఎత్తించుకుని విజయనగరం చేర్చేవాళ్ళు. ఇంటికొచ్చాక కూడా కూర్చునేది కాదు. చోడి అంబలి నిలబడే తాగేది. జడ నడుస్తూ అల్లుకునేది. ఆదివారం చర్చిలో తలుపు పక్క బెంచీ ఆమెది. ఆఖరి కీర్తన సగంలో ఉండగానే కాళ్ళు చెప్పుల్లో దూరేవి. "కాసేపు కూకో అత్తా" అంటే, "కూకుంటే మోకాళ్ళకి మాటలొస్తాయే" అనేది.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నాకు ఆమె ఈ ఉరుకులాట ఊపిరాడనిచ్చేది కాదు. ఒకరోజు వీధి అరుగు మీద వంకాయలు అమ్ముతోంది. ఒకావిడ కొనుక్కుని సందు చివరికి వెళ్ళిపోయింది. తక్కెడలో మిగిలిన కాయలు చూసి అత్తకు ఏం అనుమానం వచ్చిందో, కేకేసుకుంటూ వెనకాల పరుగెత్తింది. ఆవిణ్ణి వెనక్కి పిలిచి, సంచీ కిందికి ఒంపించి, పుచ్చు కాయలు ఏరి పారేసి మంచివి వేసింది. ఆవిడ నవ్వింది. "ఇంటికెళ్ళి సూసుకుని తిట్టుకుందును కదా, దీనికి పరిగెత్తాలేటి?" అంది. "నాకు తెలిసిపోయినాది కదా మరి" అంది అత్త. అంతకుమించి వివరం చెప్పలేదు.

మావయ్య పోయాక తోలేవాళ్ళు లేక బండి అమ్మేశాం. కొత్తవలసలో ఇటుకల వ్యాపారి ఒకాయన కొన్నాడు. అత్త ఆటోలో తిరగడం మొదలుపెట్టింది. ఆ బండి సంగతి అందరం మర్చిపోయాం.

నిరుడు వానలు వెనకబట్టిన రోజుల్లో అత్త ఫోనుకి కంపెనీ వాళ్ళ దగ్గర్నుంచి కాల్ వచ్చింది. ఆమె కాసేపు విని, ఫోను నా చేతిలో పెట్టింది. "ఇదేదో రీకాలంట, నువ్వు సూడు."

అవతల అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. మా బండి తయారైన రోజుల్లో వచ్చిన కొన్ని బళ్ళలో, స్టీరింగు రాడ్డుని చక్రానికి కలిపే కీలు తొందరగా అరిగిపోతోందట. అది ఊడితే స్టీరింగు తిప్పినా చక్రం తిరగదు. సర్వీసు సెంటరుకి తెస్తే ఉచితంగా మారుస్తారట. బండి అమ్మేశామని చెప్పాను. తమ దగ్గర మొదట కొన్నవాళ్ళ నంబరే ఉందనీ, ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలిస్తే దయచేసి వాళ్ళకు చెప్పమనీ అంది.

నేను అత్తకు అర్థమయ్యేలా చెప్పాను. "బండి చేసినవాళ్ళే లోపం కనిపెట్టారు అత్తా. బాగుచేసి ఇస్తాం, వెనక్కి తెమ్మంటున్నారు."

"నాను ఒంకాయలకి పిలిసినట్టు."

"అంతే."

"మరి ఇప్పుడు ఆ బండి తోల్తన్నోడికి ఎవులు సెప్తారు?"

నా భర్త అన్నం తింటున్నవాడు తలెత్తాడు. "అమ్మా, మనకెందుకే? అమ్మీసినాం. ఇప్పుడెళ్ళి సెప్తే తెలిసే అంటగట్టీసినారని మీద పడతారు."

"పడితే పడనీ."

"ఎక్కడుందో ఏటో!"

"బండికి కాళ్ళున్నాయేటి దాక్కోడానికి? రోడ్డు మీదే ఉంటాది" అంది అత్త, చెయ్యి కడుక్కుని కొంగుతో తుడుచుకుంటూ.

మర్నాడే కొత్తవలస వెళ్ళింది. ఇటుకల వ్యాపారి మంచినీళ్ళిచ్చి, ఆ బండి ఎప్పుడో అమ్మేశానన్నాడు. కొన్నవాడిది పాతపట్నం వైపట. అతనిచ్చిన ఫోను నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. సంత సరుకులు తోలుతుంటాడని మాత్రం గుర్తుందన్నాడు. అత్త ఇంటికొచ్చి ఆ సాయంత్రమంతా వాకిట్లో అటూ ఇటూ నడిచింది. రోడ్డు మీద ఏ పికప్ చప్పుడైనా గేటు దాకా వెళ్ళి చూసేది. పత్రికలో ఎక్కడో లారీ బోల్తా పడిన వార్త వస్తే, "ఏ బండి, సదువు, ఏ బండి?" అని నా పక్కన నిలబడింది. ఆమె ఆరాటం చూస్తుంటే నాకూ అన్నం సహించలేదు. బడికి సెలవు రాగానే, "పద అత్తా, వెళ్దాం" అన్నాను. అప్పటికే ఆమె సంచీ సర్దేసి ఉంది.

దారిలో శ్రీకాకుళం సర్వీసు సెంటరుకి ఫోను చేశాను. ఆ కీలు సిద్ధంగా ఉందన్నారు. బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుని ఎదురొచ్చే ప్రతి బండి నంబరూ చూస్తూనే ఉంది. మా బండి నంబరు ఆమెకు బాగా గుర్తు.

పాతపట్నంలో దిగేసరికి ఎండ ముదిరింది. ఆటోల దగ్గర అడిగాం, కిరాణా కొట్ల దగ్గర అడిగాం. ఒకతను, "సంత బళ్ళు అక్కడ నిలబెడతారు" అని ఊరి చివరికి చెయ్యి చూపించాడు. నేను చెప్పు తెగి ఆగిపోయాను. అత్త ఆగలేదు. నేను కుంటుకుంటూ చేరేసరికి ఆమె ఒక పికప్ ముందర నిలబడి ఉంది. రంగు మార్చారు, నంబరు మాత్రం మాదే.

బండి నిండా ఆడవాళ్ళు, బుట్టలు, ఒక మేక. సంత ముగించుకుని కొండ దగ్గరి ఊళ్ళకు వెళ్తున్నారు. సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని అందరికీ తెలుసు, అక్కడ వేరే దిక్కు లేదని కూడా తెలుసు. డ్రైవరే ఓనరు. ముప్పై దాటి ఉండవు. అప్పుడే తాళం తిప్పుతున్నాడు.

అత్త గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అతను సగం విని, "నువ్వెవులమ్మా?" అన్నాడు.

"ఈ బండి మాదే. మా ఆయన తోలీవోడు."

అతని ముఖం మారిపోయింది. "ఓహో! లోపముందని తెలిసే అమ్మీసినారా?"

"తెలిసుంటే అమ్ముదుమేటి? మొన్నే తెలిసినాది. తెలిసిన కాణ్ణించి నిద్దర్లేదు నాకు."

"నాకు బాగానే తిరుగుతంది. తప్పుకో, జనాలు సూత్తన్నారు."

అత్త తప్పుకోలేదు. అటు తిరిగి వెళ్ళి, తలుపు తీసి, అతని పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. మావయ్య పక్కన రోజూ కూర్చున్న చోటే.

"దిగమ్మా!"

"నాను దిగను. ఏటీ కాదన్నావు కదా. పద, నన్నూ తీసుకెళ్ళు కొండ కాడికి."

ఈ గొడవంతా వెనకవాళ్ళు విన్నారు. మేకను పట్టుకున్న ముసలామె ముందు దిగింది. "స్టీరింగంటన్నారు, నానెక్కను బాబూ" అంది. ఆమె వెనక ఇంకొకరు, తర్వాత ఇద్దరు. బుట్టలు కిందికి దిగిపోయాయి. చూస్తుండగా బండి ఖాళీ అయింది. డ్రైవరు కిందికి దూకి టైరుని ఒక్క తన్ను తన్నాడు. "నా పొట్ట కొట్టడానికి అంత దూరంనుంచి వచ్చినావా?" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు భయం వేసింది. మా ఆయన చెప్పినట్టే అయిందనుకున్నాను.

అత్త బండి దిగింది. గొంతు తగ్గించింది. నేను ఆమె అంత మెల్లగా మాట్లాడటం అంతకుముందు వినలేదు.

"ఇది నీ తప్పు కాదు నాయినా. నా తప్పు కాదు. బండిది కూడా కాదు. తెలిసాక ఊరుకుంటే మాత్రం అందరిదీ. నాను సెప్పీసినాను, నా బరువు దిగిపోనాది. ఇప్పుడది నీ మీదకొచ్చినాది. మోయగలవేటి?"

 నేను సర్వీసు సెంటరుకి ఫోను కలిపి అతని చేతికిచ్చాను. అతను బండి కాగితాలు తీసి నంబరు చదివాడు. అవతలివాళ్ళు ఏదో చెప్పారు. వింటూ వింటూ అతను బండి చక్రం వైపు చూశాడు. తర్వాత ఫోను నాకిచ్చి, "ఖాళీగా, మెల్లగా తెమ్మంటన్నారు" అన్నాడు. సంత ఆడవాళ్ళ కోసం తన స్నేహితుడి బండిని తనే పిలిచాడు.

మేమూ అతనితోపాటు మా పాత బండిలోనే ఎక్కాం. మనం బస్సులో వెళ్దామంటే అత్త ఒప్పుకుంటుందా? దారి పొడుగునా, "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉంది. అతను, "నడిసెల్తే ముందే చేరిపోదుము పిన్నీ" అన్నాడు. ఎప్పుడు పిన్ని అయిందో నాకు తెలియలేదు.

సర్వీసు సెంటరులో బండిని పైకెత్తి పాత కీలు విప్పారు. మెకానిక్ దాన్ని చేతిలో కదిపి చూసి, "కొంచెం అరిగింది. ఇంకా ఎన్నాళ్ళు ఉంటుందో, రేపే పోతుందో చెప్పలేం" అన్నాడు.

డ్రైవరు అత్త వైపు తిరిగాడు. "సూసినావా, ఇంకా పోలేదు."

"పోనందుకే కదరా వచ్చినాం. పోయాక వస్తే ఏటి సెయ్యడానికి?"

అతను మొదటిసారి నవ్వాడు.

మొన్న అతనికి ఫోను చేసి, ఎక్కడికో బయల్దేరుతూ అత్త గుమ్మంలోనే పోయిందని చెప్పాను.  "ఎక్కడికి బయల్దేరినాది పిన్ని?" అని అడిగాడు. తెలియదన్నాను. "ఎవులికో ఏదో సెప్పడానికే అయ్యుంటాది" అన్నాడు. ఫోను పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఆమె చెప్పకుండా మిగిలిపోయిన ఆ మాట ఏమిటో, ఎవరు దాని కోసం ఎదురుచూస్తున్నారో! వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతున్నాను. ఇంకా తెలియలేదు.

ఆ రోజు కొత్త కీలు బిగించాక, బండిని సర్వీసు సెంటరు వెనక ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళారు. స్టీరింగు సరిచూడటానికి గుండ్రంగా తిప్పమన్నాడు మెకానిక్. డ్రైవరు ఎక్కాడు. అత్తను పక్కకు రమ్మని పిలిచాను, వినలేదు. ఆ స్థలం మధ్యకు వెళ్ళి నిలబడింది. బండి ఆమె చుట్టూ పెద్ద సున్నాలా తిరిగింది. ఒకసారి కుడికి, మళ్ళీ ఎడమకి. దుమ్ము లేచింది. చక్రాల మీద నుంచి చూపు తిప్పకుండా, బండితోపాటు ఆమె కూడా ఉన్నచోటే తిరుగుతూ ఉంది. కొంగు గాలికి ఎగురుతోంది. డ్రైవరు చాలన్నా ఆపలేదు ఆమె. చెయ్యి గాల్లో తిప్పి, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని సైగ చేస్తూనే ఉంది.