లావు రేడియేటరు, తడి గోనెపట్ట

“లావుదే తీసుకుంటానవ్వా. నీళ్లెక్కువ పడతాయి, ఇంజను సల్లగుంటాది.”

“నీళ్లెక్కువ పడితే సల్లగుంటాదా? అట్లయితే కారు నెత్తిన సిమెంటు తొట్టి కట్టుకో పో.”

“నీకు తెలిసింది పట్టుపురుగుల సంగతి. కార్ల సంగతి కాదు. గమ్మునుండు.”

“నాకు తెలీదు, సరే. నీకు తెలిసే పోయిన వారం పుంగనూరు దాటినాక నడిరోడ్డులో పొగలు కక్కించినావా?”

మదనపల్లెలో కార్ల సామాన్ల అంగట్లో నేనూ నా మనవడూ వాదులాడుకుంటూ ఉంటే, అంగడాయన చెరో చేత ఒక రేడియేటరు పట్టుకొని మా మొగాలు చూస్తా నిలబడినాడు.

ఆ కారు గురించి చెప్పాల. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, నేల మీద పాకతాది. దాన్ని తెచ్చి వీడు ఇంకా కిందికి దించినాడు, జోరు పెరగాలని ఇంజనుకు టర్బో అని ఒకటి తగిలించినాడు, వెనక రెక్క అతికించినాడు. ఎగరతాదా అని అడిగితే కోపం. ఎగరదు గానీ ఉడకతాది. కంపెనీ వాళ్లిచ్చిన రేడియేటరు ఆ టర్బో వేడికి చాల్లేదు.

పోయిన వారం కుప్పానికి పిల్లను చూసేదానికి ఇదే కారులో బయలుదేరి దోవలోనే నిలబడిపోయినాం. ఆడ వాళ్లు వంటలు చేసుకొని పొద్దుగూకేదాకా కాచుకున్నారు. పిల్ల నాయన ఫోనులో, “శుక్రవారం రాహుకాలం పడకముందే రాండమ్మా. ఈసారీ రాకపోతే మీకు ఇష్టం లేదనుకుంటాం” అని మర్యాదగానే తేల్చేసినాడు. బస్సులో పోదాం రా అంటే పెండ్లిచూపులకు బస్సులో పోతారా అని వీడు ముక్కు విరిచినాడు. తెల్లారితే శుక్రవారం.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ నలభై ఏండ్లు పట్టుపురుగులు మేపినాను. ఎండాకాలం పురుగులింటి కిటికీలకు తడి గోనెపట్టలు కడతాం. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నేను కూడా వీడి మాదిరే, పట్ట మందంగా ఉంటే ఎక్కువ చల్లదనమని నాలుగు పట్టలు కలిపి కట్టినాను. గాలాడక పురుగులు చచ్చినాయి. మా అత్త మూడు దినాలు నాతో మాట్లాడలేదు. పలచని పట్టలో నుంచి గాలి దూరి వస్తేనే లోపల చల్లబడేది.

“అప్పా, ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఫ్యాను ముందర పట్టు” అన్నాను అంగడాయనతో. నేను అవతల పక్క కొంగు పట్టుకొని నిలబడినాను. లావుదాంట్లో రేకులు దువ్వెన పండ్ల కన్నా ఇరుకు. కొంగు కదల్లేదు. సన్నదాంట్లో రేకులు ఎడంగా ఉండాయి. కొంగు రెపరెపలాడింది.

“అవ్వ చెప్పిందే నిజం అబ్బోడా” అన్నాడు అంగడాయన అప్పుడు. అంతదాకా ఆయన నోరు పెగల్లేదు. లావుది ఖరీదు కదా, యాల పెగలతాది?

వాడు మొగం మాడ్చుకొని సన్నదే తీసుకున్నాడు. సాయంత్రానికి మెకానిక్కు బిగించినాడు. దోవ పొడుగునా చెప్పినాను, ఇంటికొచ్చినాక ఇంకోసారి చెప్పినాను: “కారు మూతి ముందర గాలికి ఏదీ అడ్డం ఉండకూడదు. అంతే. దీనికి ఇంజనీరింగు చదవాల్నా?”

మరుసటి పొద్దున కారుకు పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, మంచి పనికి పోతాండామని నేనే మూడు వరసల బంతిపూల దండ దాని మూతికి అడ్డంగా కట్టినాను. సందుల్లో మామిడాకులు కూడా దోపినాను. పుంగనూరు దాటినాక, పోయినసారి నిలిచిన చోటికి వచ్చేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా ఎక్కింది. వాడు బండి ఆపి, దిగి, ముందరికి పోయి చూసి, దండ విప్పుకొచ్చి నా ఒళ్లో పెట్టినాడు. ముల్లు దిగినాక బయలుదేరినాం. మళ్లీ ఎక్కలేదు.

రాహుకాలానికి పావుగంట ముందర కుప్పంలో దిగినాం. పిల్ల తల్లి ఎదురొచ్చి, “ఈ దండ ఎవరికమ్మా?” అని అడిగింది. మీ వాకిలికి కట్టుకోమని తెచ్చినానని చెప్పి ఆమె చేతికిచ్చినాను.