ఇంపీడ్‌కు అర్థం చెప్పవోతె

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం వింటె మీరు నాకు ఈ చాయ్ గూడ పోయించరు. అయినా చెప్త.

అశోక్‌నగర్‌ల ఒక రీడింగ్ రూంల గ్రూప్స్‌కు చదివేటోళ్లకు నేను ఇంగ్లిష్ చెప్త గద. నాకొక జబ్బున్నది. ఎవరన్నా ఒక మాటకు అర్థం అడిగితె ఒక్క ముక్కల చెప్పి ఊకోలేను. దాని అక్కచెల్లెండ్లందరిని పిలిచి, ఎవరెట్ల నడుస్తరో సూపియ్యాలె. మా ఆవిడ అయితె నన్ను టైమెంత అని గూడ అడగదు.

మా రూంల స్వప్న అని ఒక అమ్మాయి. కొడంగల్ దిక్కు. వాళ్లమ్మ గాంధీనగర్‌ల అపార్ట్‌మెంట్ కట్టేకాడ కూలికి పోతది. నౌకరి వచ్చిన దినం సంది అమ్మను ఇటుక ముట్టనియ్య అంటది స్వప్న. మూడేండ్ల సంది ఈ పరీక్ష కోసమే కూసున్నది. ఆదివారమే పరీక్ష. సెంటర్ నారాయణగూడల. తొమ్మిదీ ముప్పావుకు గేట్ బంద్. నిమిషం లేటయినా లోపలికి తోలరు, మీకు ఎరుకే.

తొమ్మిది గంటలకు హాల్ టికెట్ పట్టుకొని రీడింగ్ రూం పక్కనున్న తన హాస్టల్‌ల నుంచి బయటికొచ్చింది. నేను కింద చాయ్ బండి కాడ కూసున్న. నన్ను సూసి ఆగి, "సర్, ఇంపీడ్ అంటే ఏంది?" అన్నది.

అడ్డుపడుడు అమ్మా, పోయిరా అంటె అయిపోతుండె. నేనేం చేసిన? స్టూల్ జరిపి కూసోమన్న. "సూడమ్మా, హిండర్ అంటె నడిచేటోని కాలు పట్టి గుంజుడు. ఆబ్‌స్ట్రక్ట్ అంటె ముంగట గోడ కట్టుడు. ఇంపీడ్ గట్ల గాదు. నడక ఆగదు, ఈడ్సుకుంట పోతది." గింతల ఆమె బుక్ చేసిన ఆటో వచ్చింది. "ఆటో ఎందుకమ్మా, నా స్కూటర్ మీద దింపుత, మిగిలింది తొవ్వల చెప్త" అని ఆటో ఆయనను నేనే పంపిచ్చిన. సూడుండ్రి నా బుద్ధి.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డుకు వచ్చేసరికి డ్రైనేజీ కోసం సగం రోడ్డు తవ్విండ్రు. బండ్లన్ని నిలవడ్డయి. వేరేటోళ్లయితె పరేషాన్ అయితరు. నాకు సంబురమైంది, సరిగ్గ సరిపోయె ఉదాహరణ దొరికిందని. "రోడ్ వర్క్స్ హావ్ ఇంపీడెడ్ ద ట్రాఫిక్. దీన్ని ప్యాసివ్‌ల చెప్పు" అన్న.

"ట్రాఫిక్ హాజ్ బీన్ ఇంపీడెడ్ బై రోడ్ వర్క్స్. సర్, ముంగట సందు దొరికింది, పోనియ్యుండ్రి."

"వెరీ గుడ్. మరి నెగెటివ్‌ల?"

ఎనక బస్సాయన హారన్ మీద చెయ్యి తీస్తలేడు. ఆమె నెగెటివ్ గూడ చెప్పినంకనే కదిలిన.

నారాయణగూడ కాడ ఫ్లైఓవర్ కింది నుంచి పోవాలె. అప్పటికి నేను స్పీచ్ ఇంపెడిమెంట్ కాడికి వచ్చిన. నత్తి ఉన్నోళ్ల గురించి చెప్పుకుంట చెప్పుకుంట సీదా ఫ్లైఓవర్ ఎక్కిన. "సర్, కింది నుంచి..." అని ఆమె నా భుజం తట్టేసరికే నడుమల ఉన్నం. ఆడ ఎట్ల మలుపుతం? అటు దిగి, సిగ్నల్ కాడ నిలవడి, మలుపుకొని వచ్చేసరికి తొమ్మిది నలభై ఏడు.

గేట్ ఏసిండ్రు. స్వప్న ఉరికి హోంగార్డును బతిమాలింది. "అన్న, రెండు నిమిషాలే అన్న."

"నా చేతుల ఏం లేదమ్మా" అన్నడు ఆయన. పాపం, ఆయన మొఖం గూడ చిన్నగైంది. నేను పోయి, తప్పు నాది, ఆ పిల్లది కాదని చెప్పవోయిన. "ఎవలు చెప్పినా అంతే సర్, జర పక్కకు జరుగుండ్రి" అన్నడు.

ఆమె ఏడ్వలేదు. ఫుట్‌పాత్ మీద కూసొని వాళ్లమ్మకు ఫోన్ చేసింది. "ఆఁ అమ్మా, వచ్చిన. ఇంకా లోపలికి పోలే. అయినంక చేస్త" అన్నది. నన్ను తిడితె బాగుండు, చెంప మీద ఒకటి ఏసినా బాగుండు అనిపిచ్చింది. మళ్ల నోటిఫికేషన్ ఎన్నడొస్తదో దేవునికే తెల్వాలె.

మర్నాడు పొద్దుగాల రీడింగ్ రూంకు పోతె స్వప్న తన కుర్చీల కూసొని చదువుతున్నది. పోయి ఎదురుంగ నిలవడ్డ. తనే తలకాయ ఎత్తింది.

"సర్, ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఎనిమిదో తరగతిల చదివిన."

"మరెందుకు అడిగినవమ్మా?"

"పరీక్ష దినం పొద్దున మిమ్ముల ఒక డౌట్ అడిగి పోతె మంచి జరుగుతదని మా హాస్టల్‌ల అందరం అనుకుంటం సర్. అందుకే అడిగిన."

చెప్పాలంటె మస్తు మాటలొచ్చినయి. చెప్పుడు షురూ చేస్తె మధ్యాహ్నం అయితదని నాకే భయమైంది. "సారీ అమ్మా" అని ఎనకకు మర్రిన. ఇన్నేండ్ల నౌకరిల నేను ఒక్క ముక్కల ముగించిన జవాబు గదొక్కటే.