ఎర్రబడిన ఉక్కునగరం

ల్యాప్‌టాప్ కొత్తగా కొన్న రోజులు. గాజువాకలో బస్సెక్కి, వానకు మసకబారిన కిటికీ దగ్గర, తలుపు పక్క సీట్లో దాన్ని తెరిచాను. అప్పుడు నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్నాను. అందులోని రౌటర్లు, అంటే ఇంటర్నెట్‌కి దారి చూపే పెట్టెలు, నిజమైనవి కావు, సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి. గుర్తుకోసం మన పేటల పేర్లు పెట్టుకున్నాను. పరీక్షకని ఒకదాని దారులు తెంపగానే తెరమీద దాని పేరు పక్కనున్న దీపం ఎర్రబడింది.

పక్కన ఒళ్లో ఉక్కు ఫ్యాక్టరీ హెల్మెట్ పెట్టుకున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "ఏటి బాబూ, మా ఉక్కునగరం ఎర్రగైపోనాది?"

"నిజం ఊరు కాదండీ, ఉత్త పరీక్ష."

"అయితే ఏటి, కలిపీ బాబూ. ఇంటికాడ మా పిల్ల నిండు నెలల్తో ఉంది."

ఆయన స్టాపొచ్చింది. కండక్టర్ అరుస్తున్నా, దీపం పచ్చబడేదాకా ఆయన మెట్టు దిగలేదు.

ఇప్పటికీ ఏ దారీ తెగి ఉండగా ల్యాప్‌టాప్ మూయలేను. ఎవరో వానలో మెట్టు మీద ఆగి చూస్తున్నట్టే ఉంటుంది.